కాలేయములోని నీడలు

కాలేయము కుడివైపు ప్రక్కటెముకల చాటున నుండు అవయవము. అందు గడ్డ పెరుగుచున్నను చాలకాలము నొప్పి తెలియదు. కావున లోపల చూచుటకు యంత్రము వలయును. యంత్రము చూపునది నీడయే గాని పేరు గాదు. ఆ నీడకు వైద్యులు పేరు పెట్టు విధమును ఈ పాఠమున తెలిసికొందము.

మొదటి పరీక్ష అల్ట్రాసౌండు. మన చెవికందని ధ్వని లోనికిపోయి, బావిలో వేసిన కేకవలె మరలివచ్చును. దానివలన గడ్డలో నీరున్నదో కండయున్నదో తెలియును. మన నల్లగొండ, మహబూబునగరు మెట్టసీమలలో గొఱ్ఱెల మందలును, మందకుక్కలును మెండు. కుక్క ప్రేగులలోని యొక చిన్న బద్దెపురుగు గ్రుడ్లు మన నోట పడినచో కాలేయమున నీటితిత్తి యేర్పడవచ్చును. దీనిని హైడాటిడ్ తిత్తి యందురు. ఇది కణితి గాదు. పెద్దతిత్తిలో పిల్లతిత్తులు కానవచ్చుట దీని గుర్తు. తెలియక సూది గ్రుచ్చినచో లోని నీరు చింది ప్రాణాపాయము కలుగవచ్చును.

కండగడ్డయైనచో సి.టి. స్కాను గాని ఎం.ఆర్.ఐ. గాని తీయుదురు. నరమున మందెక్కించి, అరనిమిషమునకొకటి, నిమిషము దాటిన పిమ్మట నొకటి, మఱికొన్ని నిమిషములకొకటి చిత్రములు తీయుదురు. కాలేయపు రక్తములో ముప్పాతిక వంతు ప్రేగులనుండి సిరద్వారా వచ్చును. తక్కినది ధమని తెచ్చును. కాలేయమున సాధారణముగా పుట్టు క్యాన్సరు ధమని రక్తమునే త్రాగును గనుక ముందు వెలిగి, తరువాత మసకబాఱును. రక్తనాళముల ముడియైన హీమాంజియోమా అంచులనుండి మెల్లగా లోనికి నిండును. ఇది చాలవఱకు నిరపాయము. మిక్కిలి అరుదైన ఆంజియోసార్కోమా ఒక్కొక్కప్పుడు దీని వేషమే ధరించును, అది ప్రాణాంతకము. 1930ల నుండి 1950ల వఱకు ఎక్స్‌రే చిత్రములు స్పష్టముగా వచ్చుటకై నరముల కెక్కించిన థోరోట్రాస్టు అను రేడియోధార్మిక ద్రవమే, ఏండ్లు గడచిన పిమ్మట కొందఱికి ఈ కణితిని కలిగించినది! చూచుటకు వాడు మందును గూడ పరీక్షింపవలెనని లోకము అప్పుడు నేర్చినది.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మూడేండ్లలోపు బిడ్డలకు అరుదుగా హెపటోబ్లాస్టోమా అను కాలేయ కణితి వచ్చును. బిడ్డ పొట్ట కుడివైపు గట్టిగా తగిలినచో, బల్ల యని వాతలు వేయించి కాలము గడుపరాదు. స్కాను, రక్తపరీక్షలతో సకాలమున కనిపెట్టి, మందులతో కుదించి, శస్త్రచికిత్స చేసినచో పెక్కుమంది బిడ్డలు బ్రదుకుదురు. మహబూబునగరున 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొన్నవి. తొలిపరీక్షకు దూరదేశము పోనక్కఱలేదు.

విద్యార్థులారా, కుక్కను తాకినపిమ్మట చేతులు కడుగుకొనుడు. నీడను చూచి భయపడకుడు, చూడక ఉపేక్షింపకుడు.