ఊరి బయటి రాయిని చదువుదామా?

సంక్రాంతి సెలవులకు నల్లగొండ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. ఊరి బయట చింతచెట్టు కింద నడుమెత్తు రాయి ఒకటి ఉంది. చిన్నప్పుడు మాకు అదే క్రికెట్ వికెట్. ‘ఈరన్నకు బాలు తాకుతది’ అని అమ్మమ్మ తిట్టేది. ఈసారి ‘ఈరన్న ఏ దేవుడు?’ అని అడిగాను. ‘దేవుడు గాదు బిడ్డా, మన లెక్క మనిషే. కొట్లాటల సచ్చిపోయిండు’ అంది.

ఇలాంటి రాయిని వీరగల్లు అంటారు. ఇక్కడ కల్లు అంటే రాయి, తాటికల్లు కాదు! పోరాడి చనిపోయినవాడి గుర్తుగా నిలబెట్టేది. యుద్ధమే కానక్కర్లేదు. ఊరి పశువులను తోలుకుపోయేవాళ్లను అడ్డుకున్నవాళ్లకూ, పులితో తలపడ్డవాళ్లకూ రాళ్లు వేశారు.

చదవడం సులువే. మూడు అరలుంటే మన కోడ్‌లాగా కాదు, కింది నుంచి పైకి చదవాలి. కింద పోరాటం. మధ్యలో అప్సరసలు అతన్ని స్వర్గానికి తీసుకెళ్తుంటారు. పైన శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. అంచున సూర్యచంద్రులు, అంటే వాళ్లున్నంత కాలం ఇతని కీర్తి ఉండాలని. గాజులతో పైకెత్తిన చేయి కనిపిస్తే, అది భర్త చితిలో కాలిపోయిన భార్య గుర్తు. ఆమెను ఎవరైనా అడిగారా అన్నది మాత్రం రాయి చెప్పదు.

గ్రీకులూ సమాధుల దగ్గర ఇలాంటి రాళ్లు చెక్కించారు. ఏథెన్స్‌లోని కెరమైకోస్ శ్మశానంలో డెక్సిలియోస్ అనే గుర్రపు సైనికుడి రాయి ఉండేది. క్రీ.పూ. 394లో యుద్ధంలో చనిపోయాడు. రాయి మీద అతని పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు అన్నీ ఉన్నాయి. అందుకే అతనికి 20 ఏళ్లని మనకు తెలుసు. నాకు 19. శిల్పంలో మాత్రం శత్రువే అతని గుర్రం కాళ్ల కింద ఉన్నాడు. మా ఈరన్న కూడా ఎత్తిన కత్తి దించలేదు. ఇద్దరూ చచ్చిపోయారు, రాతిలో ఇద్దరూ గెలుస్తూనే ఉన్నారు.

తేడా ఒక్కటే. ఈరన్న రాయి మీద అక్షరం లేదు. ఈరన్న అంటే వీరన్న, వీరుడు, అంతే. అసలు పేరేమిటో!

మీ ఊళ్లోనూ ఇలాంటి రాయి ఉంటే రంగు వేయకండి, కదిలించకండి. ఫొటో తీసి, పెద్దవాళ్లను అడగండి. అమ్మమ్మ చెప్పింది నేను ఫోన్‌లో రికార్డు చేశాను. మొత్తం 40 సెకన్లు. అతని గురించి మిగిలింది అంతే.