ఫొటో చూసి లేతు కొనొచ్చా?

రాజ్‌కోట్‌లోని పాత లేతును ఫొటోలు చూసి కొనొచ్చా అని ధర్మవరం మగ్గాల మెకానిక్ ఒకరు అడిగారు.

ఫొటోలో కనిపించేది కొత్త రంగే! బెడ్ ఎక్కువగా అరిగేది చక్ దగ్గర. అందుకే వీడియో అడగాలి: క్యారేజీని అక్కడ బిగువుగా సర్ది, టెయిల్‌స్టాక్ వైపు నడిపించాలి. మధ్యలో పట్టేస్తే బెడ్ అరిగినట్టే.

తర్వాత చక్‌లో 25 మి.మీ. కడ్డీ బిగించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా 100 మి.మీ. పొడవున సన్నగా కోయించి, రెండు చివర్లూ మైక్రోమీటరుతో కొలిపించాలి. తేడా 0.02 మి.మీ. దాటితే బేరం దించాలి. ఇంతకు మించిన ఖచ్చితత్వం మగ్గం బుష్షులకు అక్కర్లేదు.

ధర్మవరానికి రాజ్‌కోట్ కన్నా బెంగళూరు దగ్గర, 1953లో మెషిన్ టూల్స్ కంపెనీ హెచ్‌ఎంటీ పుట్టిన ఊరు. అక్కడ దొరికితే టర్నర్‌ను వెంటబెట్టుకెళ్లి హెడ్‌స్టాక్ గేర్ల చప్పుడు చెవులారా వినొచ్చు.

మోటారు త్రీ ఫేజో, సింగిల్ ఫేజో అడ్వాన్సుకు ముందే తేల్చుకోవాలి.