మంచు దారిలో క్యాంపర్‌వ్యాన్

స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ బ్రిటన్‌లోకెల్లా పెద్ద నేషనల్ పార్కు. 4,528 చదరపు కిలోమీటర్లు. అంతా చూసేయాలని బయల్దేరకండి. బ్లెయిర్‌గౌరీ నుంచి బ్రేమార్, టోమింటౌల్ మీదుగా గ్రాంటౌన్ దాకా వెళ్ళే స్నో రోడ్స్ అనే దారి ఒక్కటి పట్టుకోండి. 145 కిలోమీటర్లే. దానికి మూడు రాత్రులు ఇవ్వండి.

వ్యాన్ చేతికి రాగానే దాని ఎత్తు, వెడల్పు కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. తర్వాత గ్యాస్ సంగతి. చలికాలం అటూ ఇటూ వెళ్తుంటే సిలిండర్‌లో ప్రొపేనే ఉండాలి. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కాదు, స్టవ్ వెలగదు. బ్రేమార్‌లో 1895లోనూ 1982లోనూ మైనస్ 27.2 డిగ్రీలు నమోదైంది.

సామాను సర్దేటప్పుడు బియ్యం బస్తా, నీళ్ళ క్యాన్లు కింద, ఇరుసులకు దగ్గరగా పెట్టండి. పై అరల్లో దుప్పట్లు చాలు. బరువు పైన ఉంటే మలుపుల్లో బండి ఊగిపోతుంది.

ఉదయాన్నే రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కుని కదలండి. మంచు పడితే గేట్లు మూసేస్తారు. గ్లెన్‌షీ నుంచి ఎక్కే కెయిర్న్‌వెల్ కనుమ 670 మీటర్లు. బ్రిటన్ ప్రధాన రహదారుల్లో ఇంతకన్నా ఎత్తైనది లేదు. అయినా అసలు పరీక్ష లెక్ట్ కనుమ దగ్గరే. కాక్ బ్రిడ్జి దాటగానే దారి నిటారుగా లేస్తుంది, కొన్నిచోట్ల వాలు 20 శాతం. ఎక్కడం మొదలుకాక ముందే గేరు తగ్గించండి. దిగేటప్పుడూ తక్కువ గేరే. వేగాన్ని ఇంజనే పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద పాదం ఆనించి దిగితే డిస్కులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. అప్పుడిక వెడల్పైన చోట ఆగి చల్లారనివ్వడమే. వెనక కార్లు బారు కట్టాయా? ఎడమకు తప్పుకుని వాళ్ళని పోనివ్వండి. కొండదారిలో ఇది కనీస మర్యాద.

రాత్రి బసకు క్యాంప్‌సైట్ ముందే బుక్ చేసుకోండి. స్కాట్లాండ్‌లో గుడారం వేసుకునే హక్కు చట్టం ఇచ్చింది కానీ మోటారు వాహనానికి అది వర్తించదు. గ్రాంటౌన్ చేరాక కాస్త పక్కకు వెళ్తే లాక్ మోర్లిక్ సరస్సు ఒడ్డున పైన్ చెట్ల మధ్య సైట్ ఉంది. 1952లో మికెల్ ఉట్సి అనే ఆయన స్వీడన్ నుంచి తెచ్చిన రెయిన్‌డీర్ల సంతతి ఆ కొండల మీదే మేస్తోంది. పిల్లలుంటే అక్కడ ఒక పూట ఎక్కువే ఉండండి.

బండి ఆపాక గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టండి. నీరు ఒక వైపుకి ఒరిగితే ఆ వైపు చక్రాల కింద ర్యాంపులు వేసి ఎక్కించండి. ఆ తర్వాతే అన్నం వండండి, పైకప్పు కిటికీ తెరిచి. ఎంత చలైనా మూయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

బయల్దేరే ముందు టాయిలెట్ క్యాసెట్‌ను సైట్‌లో దానికని పెట్టిన చోటే ఖాళీ చేయండి. ఇక్కడి వాగులు స్పే నదిలో కలుస్తాయి, అందులో సాల్మన్ చేపలు గుడ్లు పెడతాయి. గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా వాగులో పోయకూడదు.