సీనా నది

నదులన్నీ ఏడాది పొడవునా పారవు. ఎల్లకాలం నీరుండేవి జీవనదులు. వానల మీద ఆధారపడి పారేవి వర్షాధార నదులు. షోలాపూర్ నగరానికి పడమటగా పారే సీనా రెండవ రకం నది.

సీనా మహారాష్ట్రలోని అహిల్యానగర్ జిల్లాలో పుట్టింది. ఆ జిల్లా పాత పేరు అహ్మద్‌నగర్. నిజాంషాహీ సుల్తానుల రాజధాని ఈ నది ఒడ్డునే వెలిసింది. అక్కడి నుండి సీనా ఆగ్నేయంగా ప్రవహించి, దక్షిణ షోలాపూర్ తాలూకాలోని కుడల్ వద్ద భీమానదిలో కలుస్తుంది. ఈ సంగమం వద్ద సంగమేశ్వరాలయం ఉంది. 1018 నాటి మరాఠీ శాసనం ఇక్కడే లభించింది.

నైరుతి మేఘాలను సహ్యాద్రి పర్వతాలు అడ్డగిస్తాయి. పడమటి వైపు కుండపోతగా కురిసిన మేఘాలు తూర్పు వైపునకు వచ్చేసరికి తేలికపడతాయి. అందుచేత ఇక్కడ వానలు తక్కువ. వేసవిలో సీనాలో ఇసుక మేటలు, అక్కడక్కడ మడుగులు కనిపిస్తాయి. వానలు ముదిరితే అదే నది ఉప్పొంగుతుంది. 1972లో ఈ ప్రాంతం కరువుతో అల్లాడింది. 2025 సెప్టెంబరులో సీనా వరదలకు ఒడ్డునున్న పల్లెలు, పొలాలు మునిగిపోయాయి.

కొద్దికాలమే వచ్చే నీటిని నిలుపుకోవడం పూర్వులకు తెలుసు. 12వ శతాబ్దంలో సిద్ధరామేశ్వరుడు షోలాపూర్‌లో చెరువు తవ్వించాడు. సీనాకు ఉపనది అయిన ఆదిలాపై ఏక్రుఖ్ చెరువు 1871లో పూర్తయింది. దీనినే హిప్పర్గా చెరువు అంటారు. జోడ్‌భావి పేట్ పేరులోనే జంట బావి ఉంది. నూలుకు రంగు అద్దాలన్నా, పడుగుకు గంజి పెట్టాలన్నా నీరే కావాలి. మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలీలకు నీటి విలువ బాగా తెలుసు.

సీనా నీరు భీమలో, భీమ నీరు తెలంగాణ సరిహద్దున కృష్ణలో కలుస్తుంది. ఆ నీరు శ్రీశైలం, నాగార్జునసాగర్, విజయవాడ మీదుగా హంసలదీవి వద్ద సముద్రాన్ని చేరుతుంది. మన పెద్దలు విడిచి వచ్చిన తెలుగునేలకు ఈ నీరు వెళుతుంది. ఎండిన నదే కదా అని అందులో చెత్త పోసినా, రంగునీరు వదిలినా, వానలు రాగానే ఆ మలినం దిగువ ఊళ్ల దారి పడుతుంది. నదిలో నీరు లేనప్పుడు కూడా దానిని శుభ్రంగా ఉంచడం మన బాధ్యత.

పదాలు – అర్థాలు
మేట : వరద తెచ్చి వేసిన ఇసుక కుప్ప
పడుగు : మగ్గంపై నిలువుగా సాగే నూలు
దిగువ : కింది వైపు

ప్రశ్నలు
1. సీనాను వర్షాధార నది అని ఎందుకు అంటారు?
2. సీనా నీరు తెలుగునేలకు ఎలా చేరుతుందో రాయండి.
3. మీ పేటలోని పాత బావుల గురించి పెద్దలను అడిగి ఐదు వాక్యాలు రాయండి.