మెదడు పొరలను ముట్టడించే సూక్ష్మజీవి

షామ్‌బర్గ్‌లో బిడ్డ ఆరవ తరగతిలో చేరేటప్పుడు పాఠశాలకు సమర్పించే ఆరోగ్య పత్రంలో మెనింగోకాకల్ టీకా పేరు కనిపిస్తుంది. ఇల్లినాయ్ రాష్ట్రం 2015-16 విద్యాసంవత్సరంలో ఆరవ, పన్నెండవ తరగతుల విద్యార్థులకు ఈ నిబంధనను ప్రవేశపెట్టింది. అరుదైన వ్యాధికి ఇంత పట్టుదల ఎందుకన్న సందేహం తల్లిదండ్రులకు కలగడం సహజం. సమాధానం ఆ సూక్ష్మజీవి ప్రవర్తనలోనే ఉంది.

మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరల వాపే మెనింజైటిస్. దీనికి కారణాలు పలు విధాలు. వాటిలో గంటల వ్యవధిలో ప్రాణం తీయగలిగినది నైసీరియా మెనింజైటిడిస్ అనే బాక్టీరియా. రోగుల వెన్నుద్రవంలో దీనిని 1887లో వియన్నా శాస్త్రవేత్త ఆంటోన్ వైక్సెల్‌బౌమ్ గుర్తించాడు.

విచిత్రమేమిటంటే, సుమారు పదిమందిలో ఒకరి ముక్కు వెనుక, గొంతులో ఈ జీవి ఏ హానీ చేయక నివసిస్తుంది. దగ్గు తుంపరలు, ఎంగిలి ద్వారా ఇతరులకు చేరుతుంది. నూలుపోగుల వంటి కేశాలతో గొంతు కణాలను పట్టుకుంటుంది. బహు కొద్దిమందిలో మాత్రమే వాటిని దాటి రక్తంలో ప్రవేశిస్తుంది.

అక్కడ దానిని కాపాడేది చక్కెర అణువుల గొలుసులతో అల్లిన తొడుగు. బి, సి, డబ్ల్యు, వై రకాల తొడుగులో సియాలిక్ ఆమ్లం ఉంటుంది. అది మన కణాలపైన కూడా ఉండేదే. దొంగ రక్షకభటుని దుస్తులు ధరించినట్లు, ఈ జీవి రక్షణ వ్యవస్థ కన్నుగప్పుతుంది. అది విడుదల చేసే అంతర్విషం వలన రక్తనాళాలు కారి, చర్మంపై ఊదారంగు మచ్చలు ఏర్పడతాయి. మెదడు రక్తనాళాల గోడలను దాటి వెన్నుద్రవంలో చేరితే, రక్షకులు తక్కువైన ఆ చోట శీఘ్రంగా వృద్ధి చెందుతుంది. ఆలస్యంగా వచ్చిన తెల్ల రక్తకణాల పోరాటమే వాపును, ఒత్తిడిని పెంచుతుంది. చికిత్స జరిగినా 10 నుండి 15 శాతం రోగులు మరణిస్తారు. బ్రతికినవారిలో కొందరికి చెవుడు, అవయవ నష్టం మిగులుతాయి.

చక్కెర తొడుగును ఒక ప్రోటీనుతో రసాయనికంగా బంధించి చేసిన టీకా, ఎ, సి, డబ్ల్యు, వై రకాలను గుర్తుంచుకోవడం శరీరానికి నేర్పుతుంది. పాఠశాల నిబంధన ఈ టీకాకే వర్తిస్తుంది. బి రకం తొడుగు మన నాడీకణాల చక్కెరను పోలి ఉండడంతో, దానికి ప్రోటీనులతో వేరే టీకా చేయవలసి వచ్చింది. అమెరికాలో దానికి అనుమతి 2014లో లభించింది. అంతకుముందు 2013లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో వ్యాపించినది ఈ రకమే. కనుక కళాశాల వసతిగృహానికి బయలుదేరే పిల్లల విషయంలో వైద్యుని ప్రత్యేకంగా అడగడం మంచిది.

జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకొనడం, వెలుతురు భరించలేకపోవడం, గాజు గ్లాసుతో నొక్కినా మాయని మచ్చలు కనిపిస్తే, తెల్లవారేవరకు వేచి ఉండరాదు. ఆ రాత్రే అత్యవసర విభాగానికి చేర్చాలి.