ప్లాస్మా భంగం: సంలీన యంత్రానికి రక్షణ

సూర్యుని గర్భంలో తేలిక కేంద్రకాలు కలిసి బరువైన కేంద్రకాలుగా మారుతున్నప్పుడు అపారమైన శక్తి వెలువడుతున్నది. దీనినే కేంద్రక సంలీనం అంటారు. ఈ ప్రక్రియను భూమిపై సాధించడానికి శాస్త్రజ్ఞులు రూపొందించిన యంత్రాలలో ముఖ్యమైనది టోకమాక్. వలయాకారంలో ఉండే లోహపాత్రలో హైడ్రోజన్ జాతి వాయువును కోట్ల డిగ్రీలకు వేడిచేసి ప్లాస్మాగా మారుస్తారు. అంతటి వేడిని ఏ లోహమూ తట్టుకోలేదు కనుక, ప్లాస్మా గోడలకు తగలకుండా అయస్కాంత క్షేత్రాలు దానిని పట్టి ఉంచుతాయి. ఆ పట్టులో కొంత భాగం ప్లాస్మాలోనే ప్రవహించే విద్యుత్తు వల్ల ఏర్పడుతుంది. టోకమాక్ బలమూ, బలహీనతా ఈ విద్యుత్తులోనే ఉన్నాయి.

ప్లాస్మా సాంద్రత హద్దు మీరినా, గోడ నుంచి రాలిన లోహపు రేణువు అందులో పడినా, లోపల అస్థిరత పెరిగినా ఈ పట్టు హఠాత్తుగా సడలిపోవచ్చు. దీనిని ప్లాస్మా భంగం అనవచ్చు. దీనివల్ల విస్ఫోటనమేమీ జరగదు. ప్లాస్మా ఆరిపోతుంది, అంతే. అయితే ఆరిపోయే ఆ క్షణంలోనే యంత్రానికి తీవ్రమైన హాని కలగవచ్చు.

ముప్పు మూడు విధాలు

ఫ్రాన్సులోని కడరాష్‌లో ‘ఇటర్’ అనే బృహత్ టోకమాక్ నిర్మాణంలో ఉన్నది. పూర్తి సామర్థ్యంతో పనిచేసేటప్పుడు దాని ప్లాస్మాలో సుమారు 35 కోట్ల జౌళ్ల ఉష్ణశక్తి ఉంటుందని అంచనా. దాదాపు 1,200 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి ఈ శక్తి సరిపోతుంది. ఇది వినడానికి పెద్దదిగా తోచకపోవచ్చు. కాని ఆ వేడి అంతా కొన్ని మిల్లీసెకండ్లలో గోడపై కొద్దిచోట్లనే పడితే లోహం కరిగిపోతుంది. ఇది మొదటి ముప్పు.

ఆ వెంటనే ప్లాస్మాలోని విద్యుత్తు క్షీణిస్తుంది. ఇటర్‌లో ఈ విద్యుత్తు ఒకటిన్నర కోటి ఆంపియర్లు. అది వేగంగా తగ్గినప్పుడు లోహపాత్రలో ప్రేరిత విద్యుత్తు పుడుతుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఆ విద్యుత్తు ప్రవహించడం వల్ల పాత్రపై విపరీతమైన బలాలు పనిచేస్తాయి. ఇది రెండవది.

మూడవది కట్టుతప్పిన ఎలక్ట్రానుల ముప్పు. చల్లబడిన ప్లాస్మాలో విద్యుత్ నిరోధం పెరిగి, బలమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. వేగంగా పోయే ఎలక్ట్రానులకు తాకిడి తక్కువ కనుక అవి ఇంకా వేగం పుంజుకొని కాంతివేగాన్ని సమీపిస్తాయి. ఇతర ఎలక్ట్రానులను ఢీకొని వాటినీ తమతో లాక్కుపోతాయి. ప్లాస్మా విద్యుత్తు ఎంత ఎక్కువైతే ఈ వృద్ధి అంత అధికం. కనుక చిన్న యంత్రంలో సహించగలిగిన భంగం పెద్ద యంత్రంలో సహింపరానిదవుతుంది.

నివారణ, ఉపశమనం

భంగం రాకుండా చూడటం మొదటి కర్తవ్యం. లక్షణాలను ముందుగా పసిగట్టి ప్లాస్మాను నెమ్మదిగా దించే పద్ధతులున్నాయి. కాని ప్రతిసారీ ఇది సాధ్యం కాదు. తప్పనిసరి అయినప్పుడు హానిని తగ్గించడానికి ఘనీభవించిన గుళికలను ప్రయోగిస్తారు. అతిశీతల స్థితిలో హైడ్రోజన్, నియాన్‌లతో గుళికను తయారుచేసి, వాయుపీడనంతో గొట్టంలో నుంచి వదులుతారు. గొట్టం చివర ఉన్న వంపునకు కొట్టుకొని అది తునకలై ప్లాస్మాలోకి దూసుకుపోతుంది. వాయువును నేరుగా వదలడం కన్నా ఈ పద్ధతిలో పదార్థం లోతుగా చేరుతుంది. నియాన్ ప్లాస్మా వేడిని కాంతి రూపంలో అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. అందువల్ల ఒక్కచోట పడవలసిన వేడి గోడ అంతటా పంచబడుతుంది. హైడ్రోజన్ సాంద్రతను పెంచి ఎలక్ట్రానుల వేగాన్ని అరికట్టడానికి తోడ్పడుతుంది.

ఇక్కడ మోతాదు కీలకం. విద్యుత్తు మరీ త్వరగా తగ్గితే పాత్రలో ప్రేరిత విద్యుత్తు పెరుగుతుంది. మరీ నెమ్మదిగా తగ్గితే ప్లాస్మా గోడవైపు జరిగి, దాని విద్యుత్తు గోడలోకి మళ్లుతుంది. ఇటర్ విషయంలో 50 నుంచి 150 మిల్లీసెకండ్ల వ్యవధిని లక్ష్యంగా పెట్టుకున్నారు.

పంచుకోవలసిన అనుభవం

గుళికల ప్రయోగానికి అమెరికాలోని డి-త్రీ-డి టోకమాక్‌లో నాంది పలికారు. 1983 నుంచి 2023 వరకు బ్రిటన్‌లో పనిచేసిన ‘జెట్’ యంత్రంలోనూ, దక్షిణ కొరియాలోని ‘కేస్టార్’లోనూ దీనిని పరీక్షించారు. డ్యుటీరియం గుళికలను వదలినప్పుడు కట్టుతప్పిన ఎలక్ట్రానుల పుంజం గోడను గాయపరచకుండా విస్తరించి అంతరించగలదని జెట్ ప్రయోగాలు చూపాయి.

ఈ కృషిలో మన దేశానికీ భాగమున్నది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో ‘ఆదిత్య’ టోకమాక్ పనిచేయడం ప్రారంభించింది. ప్లాస్మా అంచున ఉంచిన ఎలక్ట్రోడ్‌కు వోల్టేజీ ఇచ్చి భంగాన్ని ఆపవచ్చునని అక్కడి శాస్త్రజ్ఞులు నిరూపించి, ఆ ఫలితాలను 2014లో ప్రకటించారు. ఇటర్‌లో 2005లో చేరిన భారతదేశం, ఆ యంత్రాన్ని చుట్టి ఉండే బృహత్ శీతలపాత్ర క్రయోస్టాట్‌ను గుజరాత్‌లోని హజీరాలో తయారుచేయించి పంపింది.

ఇటర్ వంటి యంత్రంలో భంగాలను పదేపదే కలిగించి పాఠాలు నేర్చుకోవడం సాధ్యం కాదు. కనుక ఆ పాఠాలను ముందే చిన్న యంత్రాలలో నేర్చుకోవాలి. ఆయా దేశాలు తమ విజయాలతోపాటు, ప్లాస్మా చేయిజారిన ప్రతి సందర్భపు కొలతలనూ పరస్పరం అందించుకోవడం అందుకే అవసరం.