జంట కార్డులు – జత కుదరని వేగము

జోడెడ్లలో ఒకటి మందగించినచో బండి దాని నడకకే లొంగవలెను. నేటి కొన్ని డిజిటల్ కెమేరాల స్థితియు ఇట్టిదే. వానిలో మెమరీ కార్డులకు రెండు స్లాట్లు కలవు. కాని ఆ రెండింటి వేగము సమానము కాదు.

2018లో వెలువడిన సోనీ ఏ7 త్రీ కెమేరాను ఉదాహరణగా గైకొందము. దీని మొదటి స్లాటు యు.హెచ్.ఎస్. రెండవ తరగతికి, రెండవ స్లాటు మొదటి తరగతికి చెందినవి. రెండవ తరగతి గరిష్ఠ వేగము సెకనుకు 312 మెగాబైట్లు. మొదటి తరగతిది 104 మాత్రమే. ఈ కెమేరా సెకనుకు 10 చిత్రములు తీయగలదు. ఒక్కొక్కటి 40 మెగాబైట్లనుకొన్నచో సెకనుకు 400 మెగాబైట్లు పుట్టును. అవి తొలుత బఫరు అను తాత్కాలిక స్మృతిలో నిలిచి, పిదప కార్డుల కెక్కును. ఒకే చిత్రమును రెండు కార్డులపై వ్రాయించునపుడు మెల్లని స్లాటు పని ముగియువరకు బఫరు ఖాళీ కాదు. అది నిండగనే కెమేరా మందగించును.

మెల్లని స్లాటులో ఖరీదైన కార్డు నుంచినను ఫలము స్వల్పము; స్లాటు వేగమును అది మించజాలదు.

అట్లని రెండవ కార్డును మానుట వివేకము కాదు. ఉన్న ఒక్క కార్డు చెడినచో నిఖా చిత్రములన్నియు పోవచ్చును. ఆ ఘడియ మరల రాదు. కావున నెమ్మదిగా సాగు వేడుకలలో రెండింటిపైనను పూర్తి చిత్రమునే వ్రాయింతము. పరుగుపందెములలో వేగముగల స్లాటునకు రా ఫైలును, మెల్లని దానికి చిన్నదైన జేపెగ్ ప్రతిని కేటాయింతము. వేగమా, భద్రతయా అను నిర్ణయము మీట నొక్కుటకు ముందే జరుగవలెను.